ఇత్తడి దీపాల ఇంట్లో నా మీద పడ్డ వాసన

వెలుగిచ్చే వస్తువుని చూస్తే ఎవరికైనా అసహ్యం వేస్తుందా అంటారు. నాకు వేస్తుంది. గోడలోంచి పొడుచుకొచ్చిన ఇత్తడి కొమ్మ, దాని చివర తామరమొగ్గలాంటి గాజు, ఆ గాజులో తెల్లటి మాంటిలు, అదే మంట మీద తొడిగే వల గుడ్డ, అడుగున కాలిపోయిన పురుగుల గుట్ట. ఇప్పుడు స్విచ్చి నొక్కితే వెలిగే ఇంట్లో పనిచేస్తున్నా సరే, ఆ దీపాలు గుర్తొస్తే నా ముక్కు దానంతట అదే ముడుచుకుపోతుంది.

మా కోనసీమ వాళ్ళకి ఈ వైపు దేశాలన్నీ దుబాయే. నేనూ దుబాయ్ వెళ్తున్నాననే చెప్పి విమానం ఎక్కాను. దిగాక కారులో కూర్చోబెట్టి, ఊరు దాటించి, ఇసుక దాటించి, రాస్ అల్ ఖైమా కొండల దగ్గర ఒక ఖర్జూరం తోటలో దింపారు. కరెంటు స్తంభాలు పెద్ద రోడ్డు దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. తోటలో జెనరేటరు ఉంది గానీ అది నీళ్ళ మోటారుకే. ఇంట్లోకి దాని వైరు లాగడం యజమానికి ఇష్టం లేదు. ఆయన ఇంట్లో గ్యాసు దీపాలు ఉన్నాయి మరి.

ఆయన్ని అందరూ బాబా అనేవాళ్ళు. నా వీసా ఆయన పేరు మీదే ఉండేది, అంటే నా కఫీల్ ఆయనే. ఆయన భార్యని మామా, అంటే అమ్మ, అని పిలవాలి. ఆమె నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దదేమో, అయినా మామానే. పిల్లలు లేరు. బాబా తల్లి ఒకామె ఉండేది, మోకాళ్ళు పట్టేసి ఎప్పుడూ నేల మీద పరుపులోనే. నేను మనసులో పెద్దామె అనుకునేదాన్ని. వీళ్ళు ముగ్గురూ, నేనూ. తోట పనికి కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒకాయన మోటారు గదిలో ఉండేవాడు. ఆయన్ని అన్నయ్యా అనేదాన్ని.

ఆ దీపాల కథ మామా నాకు వచ్చిన వారంలోనే చెప్పింది. బాబా వాళ్ళ నాన్నకి వైద్యం కోసం లండన్ వెళ్ళినప్పుడు, అక్కడ ఎవరిదో పాత ఇల్లు పడగొడుతున్నారట. ఆ గోడల నుంచి ఊడబీకిన ఇత్తడి గ్యాసు దీపాలు చూసి మనసు పారేసుకున్నాడట. ఐదు దీపాలు కొన్నాడు. వాటితోపాటు ఆ ఇంటి గ్యాసు మీటరు కూడా కొన్నాడు. రేకు పెట్టె, దాని నుదుటి మీద గడియారాల్లాంటి మూడు ముఖాలు, వాటి పైన ఇంకో బుల్లి ముఖం. గ్యాసు ఎంత పోతే ఆ బుల్లి ముఖంలో ముల్లు అంత తిరుగుతుంది. కంపెనీ వాళ్ళు పైపులో గ్యాసు పంపే ఊళ్ళో అది లెక్క చూడటానికి. మా తోటలో గ్యాసు వంటింటి వెనక పెట్టిన పెద్ద సిలిండర్ల నుంచి వచ్చేది. ఆ సిలిండర్లు బాబావే. ఇక ఆ మీటరు ఎవరికి లెక్క చెప్పడానికి? ఎవరికీ కాదు. సిలిండర్ల పక్కన గోడకి బిగించి, చుట్టాలు వస్తే గుర్రాన్ని చూపించినట్టు దాన్ని చూపించేవాడు. వేలితో గాజు మీద టక్‌మని కొట్టి, ముల్లు కదిలితే మురిసిపోయేవాడు.

ఇవన్నీ బిగించింది నీళ్ళ పైపుల మేస్త్రీ. మసీదుకి పంపులు వేసి వెళ్తుంటే పిలిచి వేయించారట. నీళ్ళు పోతే గ్యాసు పోదా అని.

సాయంత్రం దీపాలు వెలిగించడం నా పని. కొమ్మకి రెండు సన్న గొలుసులు వేలాడుతుంటాయి. ఒకటి లాగితే గ్యాసు వస్తుంది, రెండోది లాగితే ఆగుతుంది. అగ్గిపుల్ల చూపిస్తే బుస్సుమని అంటుకుని, మాంటిలు ముందు నీలంగా, తర్వాత పాలలా వెలుగుతుంది. చూడటానికి బాగానే ఉంటుంది, నిజం చెప్పాలి. కొత్త మాంటిలు కట్టిన రోజు మాత్రం, మొదట గుడ్డ కాలిన కంపు వస్తుంది, ఆ పొగ నాలుక మీద పడి చేదుగా ఉంటుంది. ఒకసారి కాలాక అది బూడిదే. పురుగు తగిలినా రాలిపోతుంది.

పురుగులు తగలకుండా ఉంటాయా? చుట్టూ మేకల కొట్టం, ఎరువు, నీళ్ళ కాలవ. దీపం వెలగ్గానే రెక్కల పురుగులన్నీ పెళ్ళికి వచ్చినట్టు వచ్చేవి. గాజుకి కొట్టుకుని కాలి, చిటపటలాడి, కింద పడేవి. కింద ఏముంటుంది? నేల మీద పరిచిన సుప్రా, అంటే అన్నం పెట్టుకునే ప్లాస్టిక్ గుడ్డ. దాని మీద పెద్ద పళ్ళెం. అన్నం మీద మాంసం, మాంసం మీద పేడపురుగు. బాబా దాన్ని రెండు వేళ్ళతో తీసి పక్కన పెట్టి, తినడం ఆపకుండా నా వైపు చూసేవాడు, ఎత్తి పారేయమని. ఇంకా కాళ్ళు ఆడుతూ ఉండేవి. పొద్దున్నే నా మొదటి పని తివాచీ మీద రెక్కలు ఊడ్చడం. తడిగుడ్డ పెడితే అతుక్కుంటాయి, చీపురు పెడితే ఎగురుతాయి. చేత్తో ఏరేదాన్ని. గాజులు దించి కడుగుతుంటే అడుగున నూనెలా జిగురు. పురుగుల నూనె అది. ఆ చేత్తో నేను ఎన్నడూ అన్నం కలుపుకోలేదు, చెంచాతోనే తిన్నాను. మా అమ్మ చూస్తే దొరసానివి అయిపోయావే అనేది.

చలికాలం వచ్చింది. ఆ కొండల గాలికి తలుపులు మూసి, కర్టెన్లు దించి, ఆడవాళ్ళ గదిలో కూర్చునేవాళ్ళు. పెద్దామె పరుపు కూడా అక్కడే, మూలన దీపం కింద. మధ్యాహ్నాలు నేను నేల మీద కూర్చుని ఆమె కాళ్ళు పట్టేదాన్ని. ఒకరోజు అలా పడుతుండగా, మామా వచ్చి నా పక్కన కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే లేచింది.

"శూ హాదా?" అంది. ఏంటిది అని. "రీహా."

రీహా అంటే వాసన. నేనూ పీల్చాను. నిజమే. కుళ్ళిన ఉల్లిపాయా, వెల్లుల్లి తొక్కా, ఎండుచేపా కలిపి మూట కట్టినట్టు ఉంది. నిలబడితే రాదు. కూర్చుంటే వస్తుంది. కూర్చునేది నేను. మామా మొదట పరుపు చూసింది, పెద్దామెని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"సమక్?" అని అడిగింది. చేపా అని.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఊరి నుంచి ఒకామె వస్తుంటే అమ్మ ఎండుచేపలు పంపింది. వాటిని రేకు డబ్బాలో బిగించి నా గదిలో పెట్టుకున్నాను. అవి ఇంటి పొయ్యి మీద వండొద్దని మామా మొదటిరోజే చెప్పింది. నేను వినకుండా ఎక్కడికి పోతాను? మోటారు గది వెనక మూడు రాళ్ళు పెట్టి, ఖర్జూరం మట్టలు కాల్చి, శుక్రవారం శుక్రవారం అక్కడే వండుకునేదాన్ని. తోట అన్నయ్యా నేనూ తినేవాళ్ళం. అక్కడి వాసన అక్కడే పోయేది.

"మాఫీ సమక్, మామా. బయట వండుతాను, బయట తింటాను," అని చేతులు తిప్పి చెప్పాను. మాఫీ అంటే లేదు అని.

ఆమె నా తల దగ్గరికి వచ్చి జుట్టు వాసన చూసింది. మెడ దగ్గర చూసింది. చెయ్యి ఎత్తమని చంక దగ్గర చూసింది. మేకని కొనేటప్పుడు పళ్ళు చూస్తారు చూడండి, అలా. నేను నిలబడ్డాను. ఆమె ముక్కు ముడుచుకున్న గీత పెదవి దాకా దిగింది, మాట రాకముందే ఆ గీత చెప్పేసింది.

గ్యాసు వాసన మాకెవరికీ తెలియదా అంటే, తెలుసు. సిలిండరు మార్చినప్పుడు వంటింట్లో గుప్పుమనేది. కానీ అది మాకు వంటింటి వాసన. ఆడవాళ్ళ గదిలో పొయ్యి లేదు, పగలు దీపం ఆర్పేసి ఉంది. అక్కడ గ్యాసు ఏంటి? పైగా ఆ గదిలో ఏ వాసనైనా ఒంటరిగా ఉండదు. వాళ్ళకి బుఖూర్ ఉంది. మట్టి ధూపదానిలో నిప్పు పెట్టి, దాని మీద అత్తరులో నానిన ఊదు చెక్క వేస్తారు. పొద్దున్న ఒకసారి, భోజనం అయ్యాక ఒకసారి, చుట్టాలు వెళ్ళేముందు ఒకసారి. కర్టెన్లకి పట్టిస్తారు, దిండ్లకి పట్టిస్తారు, బట్టల కింద పెట్టుకుని ఒంటికి పట్టించుకుంటారు. ఆ కుళ్ళు కంపు మీద ఈ బుఖూర్ పడితే ఏమవుతుందో మీకు చెప్పలేను. కమ్మటి శవం, అంతే. నాకు వాంతి వచ్చేది. మింగేసేదాన్ని.

అప్పటి నుంచి నాకు స్నానాలు మొదలయ్యాయి. పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం పెద్దామె కాళ్ళు పట్టేముందు ఒకటి. బకెట్లో డెట్టాల్ పోయించింది. కొబ్బరినూనె మానమంది, మానేశాను. బట్టలు వేరే తీగ మీద ఆరేయమంది. అవన్నీ చేశాక వచ్చి కూర్చుంటే మళ్ళీ అదే. "లిస్సా," అనేది మామా పెదవి విరిచి. ఇంకా ఉంది అని. కొన్నాళ్ళకి నా చేతులు నేనే వాసన చూసుకోవడం మొదలుపెట్టాను. అదిగో, నిజంగానే వస్తోంది. గోళ్ళలో ఉందేమో. నాలుక మీద ఉందేమో. అమ్మ పంపిన డబ్బా మూత తీస్తే, ఊళ్ళో అయితే నోరూరే వాసనకి మొహం పక్కకి తిప్పుకున్నాను. అమ్మ చేత్తో ఎండబెట్టి, ఇసుక దులిపి, కాకుల్ని తోలి దాచిన చేపలవి.

డబ్బా తీసుకెళ్ళి అన్నయ్యకి ఇచ్చేశాను.

"ఏమైంది చెల్లె, అన్నీ నాకేనా?" అన్నాడు ఆయన, డబ్బాలో తొంగిచూసి.

"మీరే తినేయండి అన్నయ్యా. నాకొద్దండి. ఆవిడగారు నన్ను కుక్కపిల్లని చూసినట్టు వాసన చూస్తన్నారు."

"నాకు గా అండి గిండి పెట్టకు, నేనేం తాసిల్దారునా. గని ఒక మాట అడుగుత, కోపం చెయ్యకు. ఇంట్ల పొయ్యి మీద ఎన్నడన్న ఏంచినవా?"

"మీరు కూడానా?"

"గట్ల కాదు. బాబా నన్ను పిలిచి అడిగిండు. రాత్రి పూట గ్యాసు పోతుందట. మీటరు తిరుగుతుందట. ఎవలు వండుకుంటున్నరు, నువ్వా, గా పిల్లనా అని."

"మీరేం చెప్పారు?"

"నేను మోటరు కాడ పంటనని చెప్పిన. ఇగ మిగిలింది నువ్వే కద."

ఇలా నా మీదికి రెండోది వచ్చిపడింది. బాబా పడుకునే ముందు, దీపాలన్నీ ఆర్పించి, పొయ్యి కట్టించి, ఆ బుల్లి ముఖం మీద ముల్లు ఎక్కడుందో అక్కడ గాజు మీద మామా కాటుకతో గీత పెట్టేవాడట. తెల్లారి నమాజు అయ్యాక చూస్తే ముల్లు గీత దాటి పోయి ఉండేది. రోజూ అంతే. ఇంట్లో అందరూ పడుకున్నాక గ్యాసు వాడేది ఎవరు? వాసన ఎవరి దగ్గర వస్తోంది? రెండూ కలిపితే ఒక్కటే జవాబు. దొంగతనంగా లేచి ఎండుచేపలు వేయించుకుని తింటున్నాను.

బాబా నన్ను మీటరు ముందు నిలబెట్టాడు. ముల్లు చూపించాడు, గీత చూపించాడు.

"రాత్ కో తుమ్ పకాతా?" అన్నాడు వచ్చీరాని హిందీలో. రాత్రి నువ్వు వండుతున్నావా అని.

"మాఫీ పకాతా బాబా. వల్లా." దేవుడి తోడు, వండలేదన్నాను.

"యే ఝూఠ్ నహీ బోల్తా," అన్నాడు మీటరు మీద వేలు పెట్టి. ఇది అబద్ధం ఆడదు అని. అది నిజమే, ఆ పెట్టె అబద్ధం ఆడలేదు. దాని మాట విన్నవాళ్ళే వాళ్ళకి కావలసినట్టు విన్నారు.

ఆ సాయంత్రం నుంచి మామా వంటింటికి తాళం వేసి, తాళం చెవి తన ముసుగు కొంగుకి కట్టుకుంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇక తెలిసిపోతుంది కదా అనుకున్నాను. పొద్దున్న ముల్లు మళ్ళీ గీత దాటింది. తాళం వేసిన వంటింట్లోకి నేను ఎలా దూరానని వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడగలేదు. ఇంకో తాళం చెవి ఎక్కడ దాచావని నన్ను అడిగారు.

నా పెట్టె తెరిచారు. తాళం చెవి కోసం అన్నారు గానీ మామా ఒక్కొక్క బట్టా ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. లంగా కూడా. రుమాలు లాంటి పాత గుడ్డలు, నెలసరికి దాచుకున్నవి, వాటినీ రెండు వేళ్ళతో ఎత్తింది. గుమ్మంలో బాబా నిలబడి ఉన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఏడిస్తే బాగుండేది, కళ్ళకి అడ్డం వచ్చేది. అన్నీ చూశాను. ఆమె ముక్కు పుటాలు ఎలా పెద్దవవుతున్నాయో, లోపల వెంట్రుకతో సహా చూశాను.

"జుమ్మా కే బాద్ టికెట్," అన్నాడు బాబా. "కాన్సిల్. ఖలాస్." శుక్రవారం దాటాక పంపించేస్తానని.

మా వైపు ఆడది రెండేళ్ళ వీసా మీద వెళ్ళి నాలుగు నెలలకే దిగిపోతే ఏమంటారో తెలిసినవాళ్ళకి తెలుసు. జబ్బు చేసిందని చెబితే నమ్మరు. ఇంటి మీద బెంగ అంటే నవ్వుతారు. "అక్కడ ఏం చేసిందో, వాళ్ళు తరిమేశారు," అంటారు. కుళాయి దగ్గర నేను వెళ్ళగానే మాటలు ఆగిపోతాయి. నాకంటే ముందు అలా తిరిగొచ్చిన ఒకమ్మాయి ఉంది మా వీధిలో. ఆమె చేతి మంచినీళ్ళు కూడా తాగేవాళ్ళు కాదు. ఆమె ఏం చేసిందో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. నన్ను ఏమడిగినా నేనేం చెప్పాలి? కంపు కొడుతున్నానని పంపేశారు అని చెప్పనా? ఆ మాట కన్నా వాళ్ళు కల్పించుకునేదే నయం.

"నువ్వు చెయ్యలేదని గట్టిగ చెప్పు," అన్నాడు అన్నయ్య.

"ఎన్నిసార్లు చెప్పనండి. నేను నోరు తెరిస్తే ఆవిడ ముక్కు మూసుకుంటన్నారు."

"నేనొచ్చి చెప్పాల్నా?"

"చెప్పండి. మీ దగ్గర ఇంకా ఎక్కువ చేపల వాసన వస్తంది. ఇద్దర్నీ ఒకే విమానం ఎక్కిస్తారు."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

శుక్రవారం మధ్యాహ్నం మామా వాళ్ళ అక్కచెల్లెళ్ళు వస్తామన్నారు. మామాకి కంగారు. గదిలో ఈ కంపు ఉంటే పరువు పోతుంది. పొద్దున్నుంచి తివాచీ దులిపించింది, దిండ్ల గలీబులు మార్పించింది, పన్నీరు చల్లించింది. తలుపులు తెరిస్తే పోయేదేమో, కానీ బయట ఇసుక గాలి, తెరవనివ్వలేదు. పెద్దామెని పరుపుతో సహా గుమ్మం దగ్గరికి జరిపించింది, మూల శుభ్రం చేయడానికి. ఆ మూలలో వంగితే నాకు కళ్ళు మండాయి.

"బుఖూర్, యల్లా. కసీర్," అంది. తొందరగా, ఎక్కువ వెయ్యమని.

మామూలుగా అయితే పొయ్యి బొగ్గు వాడతాం. ఆ రోజు తొందరలో అంగడి నుంచి తెచ్చిన బొగ్గు బిళ్ళలు తీసింది. అవి అగ్గిపుల్ల తగిలితే చాలు, చిటచిటమని నిప్పురవ్వలు రాల్చుకుంటూ అంటుకుంటాయి. ధూపదానిలో రెండు బిళ్ళలు పెట్టి, ఒకటి అంటించి ఇచ్చాను. రెండోది ఇంకా అంటుకోలేదు. మామా దాన్ని పట్టుకుని కర్టెన్ల దగ్గర తిప్పింది, దిండ్ల మీద తిప్పింది, పెద్దామె షాలు కింద పెట్టి తీసింది. ఆ తర్వాత కంపు ఎక్కువ ఉన్న చోటుకి, దీపం కింది మూలకి, వెళ్ళి వంగి ధూపదాని నేల మీద పెట్టబోయింది. అప్పుడే రెండో బిళ్ళ చిటచిటలాడింది.

చప్పుడు పెద్దది కాదు. ఎవరో పెద్ద దుప్పటి ఒక్కసారి దులిపినట్టు. నేల మీద నీలం రంగు నీళ్ళు ఒలికినట్టు మంట పరుగెత్తింది, మూల నుంచి తివాచీ సగం దాకా వచ్చి, మాయమైపోయింది. మామా వెనక్కి పడింది. ఆమె అబాయా అంచు అంటుకుంది. నేను చేతికందిన దిండు తీసుకుని బాదాను. అంచు ఆరాక కూడా రెండు దెబ్బలు ఎక్కువే పడ్డాయి, ఆ సంగతి నాకూ దిండుకీ మాత్రమే తెలుసు. తివాచీ కుచ్చులు కాలుతుంటే పన్నీరు సీసా గుమ్మరించాను. మామా కనుబొమ్మలు, నుదుటి దగ్గర జుట్టు ముడుచుకుపోయి కోడిని కాల్చిన వాసన వచ్చింది. అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు. పెద్దామె మూలలోనే పడుకుని ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు.

పెద్దామే ముందు చూసింది. పరుపులోంచి వేలు ఎత్తి గోడ వైపు చూపించింది. దీపం ఆర్పేసి ఉంది. ఆర్పే గొలుసు కిందికి లాగే ఉంది. కానీ ఇత్తడి కొమ్మ గోడలో కలిసే మెలిక దగ్గర, పెసరబద్దంత నీలం మంట ఒకటి నిలబడి ఉంది. ఊగడం లేదు, పెరగడం లేదు. ఎవరో వెలిగించి పెట్టినట్టు బుద్ధిగా మండుతోంది.

బాబా పరుగెత్తుకొచ్చాడు. గొలుసు లాగాడు, మళ్ళీ లాగాడు. మంట అలాగే ఉంది. వంటింటి వెనక్కి పరుగెత్తి సిలిండర్లు కట్టేశాడు. పెసరబద్ద నువ్వుగింజ అయింది, ఆరిపోయింది.

నేను మీటరు దగ్గరికి వెళ్ళాను. ఎవరూ పిలవలేదు, నేనే వెళ్ళాను. ముల్లు ఆగిపోయి ఉంది. బాబా సిలిండర్లు మళ్ళీ విప్పాడు, దీపాలన్నీ కట్టేసి ఉంచే. ముల్లు మెల్లగా కదిలింది, చీమ నడిచినట్టు. కట్టేశాడు. ఆగింది. మేమిద్దరం ఆ రేకు పెట్టె ముందు పక్కపక్కన నిలబడి ఉన్నాం. ఆయన నా వైపు చూడలేదు. జేబులోంచి రుమాలు తీసి గాజు మీది కాటుక గీత తుడిచేశాడు.

ఆ మెలిక దగ్గర జిడ్డు పెట్టి బిగించాలట, ఈ ఎండలకి అది ఎండిపోయి పొడి అయిందట. కారే గ్యాసు గాలికన్నా బరువు కాబట్టి నేల మీదికి దిగి కూర్చుంటుందట. ఇవి తర్వాత సిలిండర్లు తెచ్చే బండి వాళ్ళు చెప్పారు. అంటే అది కూడా నాలాగే నేల మీద కూర్చునేదన్నమాట.

చుట్టాలు రానే వచ్చారు. తలుపులన్నీ బార్లా తెరిచి, ఇసుక గాలిలోనే కూర్చున్నారు. మామా కాలిన కనుబొమ్మల మీద కాటుక దిద్దుకుంది. అక్కచెల్లెళ్ళకి జరిగింది చెబుతుంటే ఆమె కళ్ళు మెరిశాయి, భలే కథ దొరికింది కదా. నేను దల్లా, అంటే కాఫీ కూజా, పట్టుకుని చిన్న కప్పుల్లో వాళ్ళ కాఫీ, కహ్వా, పోస్తున్నాను. వాళ్ళ అరబీ నాకు అప్పటికి సగం అర్థమయ్యేది. సమక్ అన్నప్పుడు నా వైపు చెయ్యి చూపించింది. డెట్టాల్ అంది. టికెట్ అంది. పెట్టెలో బట్టలు ఎత్తి వాసన చూసినట్టు చేసి చూపించింది. వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. చెడ్డవాళ్ళేం కాదు. ఒకామె నా చేతిలో కప్పు అందుకుంటూ ముందుకు వంగి, నా భుజం దగ్గర గట్టిగా పీల్చి, అందరి వైపూ తిరిగి చెప్పింది.

"మాఫీ రీహా."

వాసన లేదట. మళ్ళీ నవ్వారు. నాకు ఆ కహ్వా ఆమె ఒళ్ళో పోయాలనిపించింది. తర్వాతామె కప్పు నింపాను.

వాళ్ళు వెళ్ళాక, మామూలు బొగ్గు మీద, తలుపులు తెరిచిన గదిలో, మామా మళ్ళీ బుఖూర్ వేసింది. తను పట్టించుకుంది, పెద్దామెకి పట్టించింది. అప్పుడు నన్ను పిలిచి, ఎన్నడూ లేనిది, తన చేత్తో ధూపదాని నా ఓణీ కింద పెట్టి పట్టుకుంది. అది ఆమె మర్యాద. క్షమించు అనే మాట వాళ్ళ ఇంట్లో పనిమనిషికి చెప్పే అలవాటు లేదు, ఆ పొగే ఆ మాట అనుకోవాలి. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. పొగ గుడ్డలోంచి మెడ దాకా పాకింది.

బాబా గుమ్మంలోకి వచ్చాడు. "టికెట్ ఖలాస్," అన్నాడు. ఇక టికెట్ లేదు. "తుమ్ ఇధర్ రహో. జైన్?" నువ్వు ఇక్కడే ఉండు, సరేనా అని.

అడగడం అడిగాడు. ఉండను, వేరే ఇంటికి పంపండి అని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కఫీల్ విడిచిపెడితేనే ఇంకో ఇల్లు, లేకపోతే ఊరే. కుళాయి దగ్గర ఆగిపోయే మాటలు గుర్తొచ్చాయి. నిలబడటానికి నాకు మిగిలింది ఇదే ఇల్లు, ఇదే తివాచీ.

"జైన్, బాబా," అన్నాను.

మామా సంతోషించింది. నిజంగానే. దగ్గరికి వచ్చి నా భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. నేను అనుకోకుండానే ఒక అడుగు వెనక్కి వేశాను, నా వాసన ఆమెకి తగలకుండా. లేని వాసన. ఆమె గమనించలేదు, చెయ్యి గాలిలోనే తట్టి వెళ్ళిపోయింది. పురుగుల నూనె కడిగాను, చంకల దగ్గర ముక్కులు భరించాను, కానీ ఆ ఒక్క అడుగు మీద కలిగినంత రోత నాకు ఆ ఇంట్లో దేని మీదా కలగలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఇరవై నెలలు పనిచేశాను.